పెదవులు కదిపితే చాలట!

పోయినవారం మిమ్మల్ని మా కారు షెడ్డు గుమ్మంలో నిలబెట్టి తలుపు వేసేశాను. తప్పు నాది కాదు, పేజీలు అయిపోయాయి. రండి లోపలికి.

షెడ్డు ఫిల్మ్ నగర్‌లో మా ఇంటిది. కారు లేదు. ఉన్నదల్లా మడత కుర్చీలు, ఒక పాత హార్మోనియం, నలభైమంది ఇరుక్కుని కూర్చునే మా ‘సమస్వర’ బృందం. ఆరేళ్ళుగా ప్రతి ఆదివారం మధ్యాహ్నం అక్కడే పాడుతున్నాం. మాలో బ్యాంకు గుమాస్తాలున్నారు, టీచర్లున్నారు, నాలాంటి ఇల్లాళ్ళున్నారు, సినిమావాళ్ళ చుట్టాలు సరేసరి. మాకు నేర్పేది పుష్పవల్లి టీచర్. చిన్నప్పుడు సికింద్రాబాదు చర్చిలో నేర్చుకున్న విద్యని తెలుగు పాటకి కట్టింది మహాతల్లి. అందరూ ఒకే వరసలో పాడడం కాదు. నాలుగు గొంతులు, నాలుగు వరసలు, ఒకే పాట. పక్కవాళ్ళ వరసలోకి జారిపోకుండా నిలబడడం నేర్చుకోవడానికే మాకు మొదటి ఏడాది సరిపోయింది.

ఆ షెడ్డులోకి పోయినవారం సంగీత దర్శకుడు సూర్యప్రకాశరావు వచ్చాడు. జూబ్లీహిల్స్‌లో గుట్ట కింద కొత్తగా కట్టిన ఓపెన్ ఎయిర్ స్టేజీ మీద, వచ్చే ఆదివారం సాయంత్రం, ఆయన సినిమాల్లోకి వచ్చి పదేళ్ళయిన పండగ. ఇరవై వయొలిన్లు. సెల్లోలు. దూరదర్శన్ కెమెరాలు. “ఆర్కెస్ట్రా ముందు మీ బృందం నిలబడాలి” అన్నాడు. హార్మోనియం తిత్తికి అతుకులేసుకుంటూ బతుకుతున్న మాకు ఇరవై వయొలిన్లంటే ఏమిటో మీరే ఆలోచించండి. కుర్చీల్లోంచి లేచి మరీ చప్పట్లు కొట్టాం. అప్పుడాయన చెయ్యెత్తి, “రెండే రెండు చిన్న విషయాలు” అన్నాడు.

చల్లకొచ్చి ముంత దాచడమెందుకు? అడిగేశాను. “చెప్పండి రావుగారూ, ఏమిటవి?”

“మొదటిది, ఆ రోజు మీరు పాడక్కర్లేదండీ.”

అందరం నవ్వాం. జోకనుకున్నాం.

“నిజమేనండీ. కోరస్ ట్రాకు తెచ్చాను. టేపు నడుస్తూ ఉంటుంది. మీరు దాంతో పాటు పెదవులు కదిపితే చాలు. బయట గాలి, ఇంతమందికి మైకులు, ఎందుకొచ్చిన రిస్కు? సినిమాల్లో అందరూ చేసేదేగా.”

“మరి వయొలిన్లవాళ్ళో? వాళ్ళూ ఉత్తుత్తినే లాగుతారా?”

“అబ్బే, వాళ్ళు లైవే. ప్రొఫెషనల్స్ కదండీ.”

ఆ మాట దిగమింగుతూ ఉండగానే రెండోది చెప్పాడు. వెనక వరసలో నా పక్కన కూర్చున్న సుబ్బరామయ్యగారి వైపు గడ్డం ఎగరేసి, “ఆ పెద్దాయన మాత్రం స్టేజీ మీదకి వద్దు” అన్నాడు.

“ఏం? ఆయనేం చేశారు?”

“కెమెరా అండీ, అర్థం చేసుకోండి. పోయినేటి కచేరీలో చూశానుగా, టేపు ఆగాక కూడా ఆయన నోరు తెరుచుకునే ఉంటుంది. క్లోజప్‌లో పడిందంటే నవ్వులపాలైపోతాం.”

ఆయన వెనక నిలబడ్డ అసిస్టెంటు కిసుక్కున నవ్వాడు.

ఆ నవ్వు ఎందుకో మీకు తెలియాలి. సుబ్బరామయ్యగారు మద్రాసు రోజుల నుంచీ అవుట్‌డోర్ షూటింగుల్లో జనరేటర్ వ్యాను చూసుకున్న మనిషి. తెరమీద హీరోయిన్ మొహం వెలగాలంటే ఆ మిషను పక్కన ఎవడో ఒకడు చెవులు పోగొట్టుకుంటూ నిలబడాలి కదా, ఈయన నిలబడ్డారు. రిటైరయ్యేసరికి ఎడమ చెవి పూర్తిగా పోయింది, కుడి చెవిలో కాస్త మిగిలింది. ఆ కాస్తతోనే పాడతారు. అడుగు వరస ఆయనది. ఆ గొంతు లేకపోతే మా పాట పునాది లేని గోడ. మొదలుపెట్టేటప్పుడు టీచర్ చెయ్యి చూసి అందుకుంటారు, చిక్కల్లా ముగింపులోనే. ఆఖరి స్వరం దగ్గర ఆయన కళ్ళు మూసుకుంటారు. తెరవండంటే, తెరిస్తే గొంతు పట్టు తప్పుతుందంటారు. అందుకని టీచర్ చెయ్యి దించగానే నేను ఆయన మోచెయ్యి నొక్కుతాను. నొక్కాక ఆపుతారు. ఈలోగా మేమందరం ఆగిపోయి ఉంటాం, ఆయన గొంతొక్కటే ఒక్క క్షణం మిగిలి ఉంటుంది. మేం దాన్ని ‘తోక’ అంటాం. ప్రతి కచేరీలో, ప్రతి పాటకీ ఆ తోక ఉంటుంది. ఆరేళ్ళలో మాలో ఒక్కళ్ళం కూడా దాన్ని కత్తిరించాలనుకోలేదు.

“చూడండమ్మా,” అని రావుగారు గొంతు మెత్తగా చేశాడు. “ఇన్నాళ్ళూ ఆసుపత్రుల్లో, గల్లీల్లో పాడుకున్నారు. సరదా. ఇది వేరు లెవెలు.”

అరికాలి మంట నెత్తికెక్కింది నాకు. సరదానట! టోలిచౌకిలో కవ్వాలీ వాళ్ళతో కలిసి పాడినప్పుడు, మొదట వాళ్ళ పెద్ద ఉస్తాదు మమ్మల్ని ఎగాదిగా చూసి, “మీరు నలుగురూ నాలుగు పాటలు పాడుతున్నారేంటమ్మా?” అన్నాడు. సాయంత్రానికి ఆయనే మా అడుగు వరస మీద ఆలాపన ఎత్తుకుని దిగనంటే దిగనన్నాడు. ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రి వరండాలో పాడినప్పుడు, నెలల తరబడి ఎవరితోనూ మాట్లాడని ఒకామె మా పాట మధ్యలో లేచి వచ్చి సొప్రానోల, అంటే పై గొంతు ఆడవాళ్ళ, వరసలో నిలబడింది. పాట రాదు. అయినా నిలబడింది. నర్సు తీసుకుపోబోతే టీచర్ వద్దంది. చర్చిలో పాడాం, గణపతి పందిట్లో పాడాం, కరెంటు పోయిన హాల్లో చీకట్లో పాడాం. పెదవులు కదిపి మాత్రం ఎక్కడా వెళ్ళలేదు.

ఇవన్నీ ఆయన మొహాన అనేద్దామని నోరు తెరిచాను. అంతలో సుబ్బరామయ్యగారు నా వైపు వంగి, “ఏమంటున్నారమ్మా అమ్మాజీ? మనల్ని పిలిచారా లేదా?” అని అడిగారు.

ఆయనకి ఏది చెప్పాలన్నా కుడి చెవి దగ్గర గట్టిగా అరవాలి. ఆ మాట అందరి ముందూ అరవాలి. నేను రావుగారి వైపు చూశాను, ఆయన వాచీ చూసుకుంటున్నాడు. పుష్పవల్లి టీచర్ వైపు చూశాను. ఆవిడ హార్మోనియం మీది గుడ్డ సర్దుతోంది.

ఇంక దాచి ప్రయోజనం లేదు. అరిచాను. “మిమ్మల్ని స్టేజీ మీదకి రావద్దంటున్నారు బాబాయిగారూ! పాట అయిపోయాక మీ నోరు తెరుచుకుని ఉంటుందట!”

ఆయన తల ఊపారు. “నిజమేగా. ఉంటుంది. పోనీలేమ్మా, నేను రాను. మీరు వెళ్ళి పాడండి. ఇరవై వయొలిన్లంటే మాటలా?”

“పాడక్కర్లేదట బాబాయిగారూ! టేపు వేస్తారట. ఊరికే పెదవులు కదపాలట!”

“పాడక్కర్లేదా?” ఆయన మొహం చిట్లించారు. తనని వద్దన్నందుకు రాని కోపం ఇప్పుడొచ్చింది. “పాడకుండా స్టేజీ ఎందుకెక్కడం? వేషానికా?”

బాలమణి లేచింది. ఎర్రగడ్డ దగ్గర బడిలో లెక్కలు చెప్పే పిల్ల, మా ఆల్టోల్లో, అంటే కింది ఆడగొంతుల్లో, అందరికన్నా గట్టి గొంతు. “సారూ, జర ఒక్క మాట చెప్పుండ్రి. మా తాత లేకుంటే మేం ఎట్ల పాడ్తం? కింది వరస ఎవరు పాడ్తరు, మీరు పాడ్తరా?”

“పాడక్కర్లేదని చెప్పాను కదమ్మా.”

“గదే నేనడిగేది. పాడెటోళ్ళను పిలిచి పాడొద్దంటరు. గిదేం పిలుపు సారూ?”

అందరూ మా వైపే ఉన్నారని మీరనుకుంటే పొరపాటు. మా మరిది కూతురు సత్యలక్ష్మి లేచింది. బంగారంలాంటి గొంతు, సినిమాలో ఒక్క పాటైనా పాడాలని ఒకటే ఆరాటం. “పెద్దమ్మా, కోపంలో కాలదన్నుకోకండి. ఇలాంటి పిలుపు మళ్ళీ వస్తుందా? ఈ ఒక్కసారికి పెదవులే కదుపుదాం. తాతగారే రానంటున్నారుగా” అంది. దాని కళ్ళలో నీళ్ళు తిరిగాయి. దాన్నీ తప్పుపట్టలేను. రెండు మూడు తలలు దానితో పాటు ఊగాయి. పుట్టిన దగ్గర నుంచీ నాలుగు గొంతులూ కలిసే ఉన్న బృందం, నా కళ్ళముందే రెండుగా చీలుతోంది.

రావుగారు అది కనిపెట్టాడు. ఎన్ని పాటల సిట్టింగులు చూసిన మనిషి! “ముందు ట్రాకు వినండి. మద్రాసు కోరస్. మీరు విన్నారుగా, మన పిక్చర్లో వరద సీనులో పాట. ప్రొఫెషనల్స్ పాడితే ఎలా ఉంటుందో వింటే మీకే తెలుస్తుంది” అని అసిస్టెంటుకి సైగ చేశాడు. వాడు టేప్‌రికార్డరు కుర్చీ మీద పెట్టి క్యాసెట్ తోశాడు.

ఆ పాట మాకు తెలుసు. పోయినేడు తుఫాను బాధితుల కోసం రావుగారితో కలిసి ఒక కచేరీ చేశాం. ట్యూను ఆయనది, నాలుగు వరసలు కట్టింది టీచర్. రిహార్సల్ రోజున ఆయన రికార్డింగు మనిషి పెద్ద మిషనుతో ఈ షెడ్డుకే వచ్చి, “జ్ఞాపకం ఉంటుంది లెండి” అంటూ అంతా ఎక్కించుకుపోయాడు. ఆ తర్వాత అదే పాటని సినిమాలో పెట్టారు. మేమంతా కట్టకట్టుకుని మార్నింగ్ షోకి వెళ్ళాం. ఉరుములూ డ్రమ్ములూ జనం కేకలూ, వాటి మధ్య కోరస్. టైటిల్సులో కోరస్ మద్రాసువాళ్ళని వేశారు. “ఎంత బాగా పాడారే, మన పద్ధతి అచ్చు దింపేశారు” అని మేమే మెచ్చుకుని, ఇంటర్వెల్లో సమోసాలు తిని ఇంటికొచ్చాం.

ఇప్పుడు షెడ్డులో ఉరుముల్లేవు. డ్రమ్ముల్లేవు. ఒట్టి గొంతులు.

“గాలి ఎదురొస్తేనేం, గెడ మన చేతనుంది...”

బాగుంది. నిజంగానే బాగుంది. సత్యలక్ష్మి కళ్ళు తుడుచుకుని వింటోంది. నేను కూడా ఒప్పుకోక తప్పదేమో అనుకుంటున్నాను. పాట ఆఖరి స్వరానికొచ్చింది. పై గొంతులు ఆగాయి. మధ్య గొంతులు ఆగాయి. అందరూ ఆగిపోయాక ఒక్క గొంతు, ఒకే ఒక్క ముసలి గొంతు, అడుగున, ఒక్క క్షణం మిగిలింది.

క్యాసెట్ టక్కుమని ఆగింది.

నా చేతివేళ్ళు నాకు తెలియకుండానే బిగుసుకున్నాయి. ఆ మోచెయ్యి నొక్కింది నేను! ఈ షెడ్డులోనే, ఈ గోడ దగ్గరే నొక్కాను. సినిమాలో ఆ చివరి ముక్క మీద ఉరుము వేసి మూసేశారు. ఇవాళ ఒట్టి కోరస్ కావాలని అసిస్టెంటు అసలు టేపులోంచి తోకతో సహా ఎక్కించుకొచ్చాడు. నోరు తెరుచుకోవడం చూసి నవ్వాడే గానీ, ఆ నోట్లోంచి వచ్చే తోక సంగతి వాడికేం తెలుసు?

ముందు బాలమణి నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ కుర్చీలో కూలబడింది. “అయ్యో దేవుడా! మద్రాసుల గూడ మా తాత ఉన్నడా?”

“అక్కడ కూడా ఒక పెద్దాయన ఉండేవాడండీ, ఆయనా ఇలాగే...” అని అందుకున్నాడు రావుగారు.

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకోవడం అంటే ఇదే. “మేమింకా ఏమీ అనలేదండీ” అన్నాను.

ఆయన మొహం ఎర్రబడింది. అసిస్టెంటు వైపు ఒక చూపు చూశాడు, వాడు క్యాసెట్ తీసి జేబులో పెట్టుకున్నాడు. తర్వాత రావుగారు చేతులు కట్టుకుని, మర్యాద పక్కనపెట్టి మాట్లాడాడు. “అయితే ఏంటి? ట్యూను నాది, పిక్చరు నాది. మీ గొంతులు వాడుకుంటే మీకు గర్వం కావాలి. పేరు వేయనంత మాత్రాన కొంప మునిగిందా?”

“మునిగిందండీ! మా గొంతులే విని, ఎవరివో అనుకుని చప్పట్లు కొట్టి వచ్చాం. ఇప్పుడు మా గొంతుకి మేమే పెదవులు కదపాలి, ఆ గొంతున్న మనిషి మాత్రం స్టేజీ మీద కనపడకూడదు. ఉప్పూ కారం తినే మనుషులం రావుగారూ, సిగ్గూ లజ్జా లేవనుకున్నారా?”

“అమ్మాజీగారూ, ఆలోచించుకోండి. నాతో పెట్టుకుంటే ఈ ఫిల్మ్ నగర్లో మీకు హాలు కాదు కదా, మైకు కూడా దొరకదు.”

“మైకెందుకండీ మాకు? ఆదివారం మీ స్టేజీ ఎదురుగా గుట్ట ఉందే, ఆ గుట్టెక్కి పాడతాం. అదే పాట. అదే సమయానికి. సుబ్బరామయ్యగారు ముందు వరసలో నిలబడతారు. మీ కెమెరాల్ని ఏ పక్కకి తిప్పుకుంటారో మీ ఇష్టం!”

అనేశాను. గుట్టెక్కడానికి దారుందో లేదో కూడా నాకు తెలియదు.

ఎవరైనా నవ్వుతారేమోనని చూశాను. సత్యలక్ష్మి లేచింది. బయటికి పోతుందనుకున్నాను. నేరుగా వచ్చి సుబ్బరామయ్యగారి కుడి చెవి దగ్గర వంగి, “తాతగారూ! మద్రాసు కోరస్ అంటే మీరేనట! ఆదివారం గుట్ట మీద పాడుతున్నాం!” అని అరిచింది.

“వేషానికా, పాడడానికా?” అన్నారాయన.

“పాడడానికే!”

“అయితే వస్తాను” అని ఆయన చొక్కా చేతులు మడిచారు.

షెడ్డు రేకులు అదిరేలా నవ్వాం. రావుగారు మరో మాట లేకుండా కారెక్కాడు. ఆ కారు మలుపు తిరిగేదాకా బాలమణి గేటు పట్టుకుని నిలబడి, “ఫికర్ చెయ్యకుండ్రి సారూ, గట్టిగనే పాడ్తం, మీకు ఇనపడ్తది!” అని కేకేసింది. నా జన్మలో అంత హాయిగా ఎప్పుడూ లేను. లోపలికొచ్చి, “టీచర్, పట్టండి శృతి! గాలికి సరిపోయేలా ఒక మెట్టు పైకి పెంచుదామా?” అన్నాను.

పుష్పవల్లి టీచర్ హార్మోనియం తెరవలేదు.

అప్పుడు తట్టింది నాకు. ఇంత గొడవ జరిగింది, ఆవిడ ఒక్క మాట మాట్లాడలేదు. సుబ్బరామయ్యగారిని వద్దన్నప్పుడు మాట్లాడలేదు. తోక వినపడ్డప్పుడు మా అందరి మొహాలూ పాలిపోయాయి, ఆవిడ మొహం మాత్రం మారలేదు.

“టీచర్?”

“సినిమా చూసిన రోజే పోల్చుకున్నాను అమ్మాజీ,” అంది ఆవిడ. “నేను కట్టిన వరసలు నాకు తెలియవా? మర్నాడే వెళ్ళి ఆయన్ని అడిగాను.”

“అడిగి? మాకెందుకు చెప్పలేదు?”

“చెప్పొద్దన్నాడు. చెప్పకపోతే తన ఆర్కెస్ట్రాని నా చేతికిస్తానన్నాడు.” ఆవిడ తలెత్తింది. ఏడుస్తుందనుకున్నాను, ఏడవలేదు. “ఆడది ఇరవై వయొలిన్ల ముందు నిలబడి చెయ్యెత్తడం ఈ ఊళ్ళో ఎవరైనా చూశారా? ఎనిమిదేళ్ళ పిల్లగా ఉన్నప్పటి నుంచీ నాకదే కల. ఆదివారం ఆ స్టేజీ మీద ఆర్కెస్ట్రాని నడిపేది నేనే. మాటిచ్చేశాను.”

“ఇప్పుడు కూడా వెళ్తారా? ఇంత విన్నాక కూడా?”

ఆవిడ చేతిసంచీ భుజాన వేసుకుంది. వెళ్తూ వెళ్తూ సుబ్బరామయ్యగారి ముందు ఆగి, నమస్కారం పెట్టింది. ఆయన ఏమీ వినపడక, సెలవడుగుతోందనుకుని, చల్లగా ఉండమ్మా అని దీవించారు. గేటు మూసిన చప్పుడు మా అందరికీ వినపడింది.

నాకు కోపం రావాలి. వచ్చింది కూడా, గుండె పగిలేంత వచ్చింది. ఈ విద్య పెట్టిన చెయ్యే ఆదివారం గుట్ట కింద మాకు ఎదురుగా లేవబోతోంది.

“అక్కా,” అంది బాలమణి మెల్లగా, “మరి మాకు చెయ్యి ఎవరు సూపిస్తరు?”

అందరూ నన్నే చూస్తున్నారు. గుట్టెక్కుదామని నోరు పారేసుకున్నది నేనే కదా. వెనక వరసలోంచి లేచి, టీచర్ నిలబడే చోటికి వెళ్ళి, వాళ్ళ వైపు తిరిగాను. ఆరేళ్ళలో ఆ మొహాలన్నీ ఎదురుగా ఎప్పుడూ చూడలేదు నేను. సుబ్బరామయ్యగారు నా చేతి వంకే చూస్తూ ఊపిరి బిగపట్టారు.

చెయ్యెత్తాను. నలభై గొంతులు లేచాయి. మొదటి చరణంలోనే నాలుగు వరసలూ ఒకదానికొకటి అందకుండా నాలుగు దారులు పట్టి, పాట చెదిరిపోయింది.